తక్కువ దలాలీ ఒక్కటే చాలదు: డిస్కౌంట్ స్టాక్ బ్రోకరును ఎంచుకునే విధానం

ముంబయి కోట ప్రాంతంలోని దలాల్ వీధికి ఆ పేరు షేర్ల దలాలుల వల్లనే వచ్చినది. 1875లో ఆరంభమైన బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి నేటికీ ఆ వీధిలోనే ఉన్నది. తెలుగు నేల నుండి వలస వచ్చి ఈ నగర నిర్మాణంలో చెమటోడ్చిన కామాఠీల పేర వెలసిన కామాఠీపురా అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కలదు. అయినను, తరతరాలుగా ఆ రెండు పేటల నడుమ ఉన్న దూరం కిలోమీటర్లతో కొలవదగినది కాదు. షేరు కొనవలెనన్న బ్రోకరు పరిచయం కావలసి ఉండేది. ఆంగ్లంలో పత్రాలు నింపవలసి ఉండేది. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ చెప్పుకోదగినంత దలాలీ చెల్లించవలసి ఉండేది.

నేడు ఆ అడ్డు తొలగినది. పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా, ఒక ఫోను ఉన్నవారెవరైనా ఇంట కూర్చుండి షేర్ల ఖాతా తెరువవచ్చును. చిట్టీలలోనూ బంగారంలోనూ మిగులు సొమ్ము దాచుకునే కుటుంబాలలోని యువతీయువకులు ఇప్పుడు షేర్ల వైపు చూచుచున్నారు. వారిలో అత్యధికులు ఎంచుకుంటున్నది తక్కువ రుసుముతో సేవలందించే డిస్కౌంట్ బ్రోకర్లను. ఈ సంస్థల ప్రకటనలు ప్రధానంగా ఒకే మాట చెబుతాయి: మా వద్ద దలాలీ తక్కువ. ఆ మాట చాలావరకు నిజమే. అయితే చిన్న మదుపరి సొమ్ము కరిగిపోవడానికి దలాలీ కంటే పెద్ద కారణాలు మూడు ఉన్నవి: లెక్కలోకి రాని ఇతర రుసుములు, ఆలోచించక ఇచ్చిన సంతకం, అదుపు తప్పిన అలవాటు. బ్రోకరును ఎంచుకొనునప్పుడు ఈ మూడింటినీ చూడవలసి ఉన్నది.

బ్రోకరు చేసే పని

సామాన్య మదుపరి స్టాక్ ఎక్స్ఛేంజికి నేరుగా వెళ్లి షేర్లు కొనలేడు. సెబీ వద్ద నమోదైన బ్రోకరు ద్వారానే కొనవలెను. ఇందులో మూడు ఖాతాలు పాలుపంచుకుంటాయి. డబ్బు ఉండేది బ్యాంకు ఖాతాలో. కొనుగోలు, అమ్మకం ఆదేశాలు వెళ్లేది బ్రోకరు వద్దనున్న ట్రేడింగ్ ఖాతా ద్వారా. కొన్న షేర్లు చేరేది డీమాట్ ఖాతాలో. ఈ డీమాట్ ఖాతాలను దేశంలో రెండు డిపాజిటరీలు నిర్వహించుచున్నవి: 1996లో మొదలైన ఎన్‌ఎస్‌డీఎల్, 1999లో మొదలైన సీడీఎస్‌ఎల్. రెండింటి ప్రధాన కార్యాలయాలూ ముంబయిలోనే ఉన్నవి.

డీమాట్ ఖాతా తెరిచిపెట్టేది సాధారణంగా బ్రోకరే అయినను, అందులోని షేర్లు మదుపరి పేరిట డిపాజిటరీ లెక్కలలో ఉంటాయి. కనుక బ్రోకరు సంస్థ మూతపడినంత మాత్రాన డీమాట్ ఖాతాలోని షేర్లు మాయం కావు. ట్రేడింగ్ ఖాతాలో వేసి ఉంచిన నగదుకు మాత్రం అంతటి రక్షణ లేదు. ఈ తేడా గ్రహించడమే మొదటి పాఠం.

పాతకాలపు పూర్తి సేవల బ్రోకరు సలహాలిస్తాడు, శాఖా కార్యాలయం నడుపుతాడు, ఫోను చేసి మాట్లాడేందుకు ఒక మనిషిని నియమిస్తాడు. అందుకు లావాదేవీ విలువలో కొంత శాతం తీసుకుంటాడు. డిస్కౌంట్ బ్రోకరు ఈ హంగులన్నీ విడిచిపెట్టి, ఆదేశాలను ఎక్స్ఛేంజికి చేరవేసే పనికే పరిమితమై, ఒక్కొక్క ఆదేశానికి స్థిరమైన చిన్న రుసుము తీసుకుంటాడు. మన దేశంలో 2010లో బెంగళూరున ప్రారంభమైన ఒక సంస్థతో ఈ పద్ధతి వేళ్లూనుకొన్నది. ఆపై అనేక సంస్థలు అదే బాట పట్టినవి.

సలహా అవసరం లేనివారికి, తాను కొనదలచినదేమిటో తెలిసినవారికి ఈ పద్ధతి లాభదాయకం. ఫోనులో ఆంగ్ల తెరలు చదువలేక, ప్రతిదానికి ఇతరుల సాయం కోరవలసివచ్చే పెద్దవారికి మాత్రం దగ్గరలో శాఖ ఉన్న బ్రోకరుకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చినను నష్టం లేదు. పొదుపు కోసం పక్కింటి అబ్బాయి చేతికి ఫోనూ, ఓటీపీ అప్పగించుట కంటే అది ఎన్నో రెట్లు మేలు.

రుసుముల అసలు లెక్క

ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది బ్రోకరేజి ఒక్కటే. బిల్లులో మరికొన్ని పద్దులు ఉంటాయి. ప్రభుత్వానికి చెల్లే లావాదేవీల పన్ను, అనగా ఎస్‌టీటీ, షేర్లను డెలివరీ తీసుకున్నప్పుడు కొనుగోలుపై 0.1 శాతం, అమ్మకంపై 0.1 శాతం. స్టాంపు సుంకం కొనుగోలుపై 0.015 శాతం, 2020 జులై నుండి ఇది దేశమంతటా ఒకే రేటు. ఎక్స్ఛేంజి రుసుము లక్ష రూపాయలకు సుమారు 3 రూపాయలు. సెబీ రుసుము కోటికి 10 రూపాయలు. బ్రోకరేజి మీదను, ఎక్స్ఛేంజి, సెబీ రుసుముల మీదను 18 శాతం జీఎస్టీ. ఈ పన్నులూ ఎక్స్ఛేంజి రుసుములూ ఏ బ్రోకరు వద్దనైనా ఇంచుమించు ఒక్కటే. ఎక్స్ఛేంజి రుసుములో వాడకాన్ని బట్టి తేడాలుండి, ఆ తేడా కొందరు బ్రోకర్లకు ఆదాయమయ్యేది. 2024 అక్టోబరు నుండి సెబీ దానిని నిలిపివేసినది.

బ్రోకరును బట్టి మారేవి నాలుగు: బ్రోకరేజి, డీమాట్ ఖాతా వార్షిక రుసుము, షేర్లు అమ్మినప్పుడు డీమాట్ ఖాతా నుండి బయటకు పంపినందుకు వేసే డీపీ రుసుము, ఫోను ద్వారా ఆదేశమిచ్చినప్పుడు వేసే అదనపు రుసుము. డీపీ రుసుమును ఎన్ని షేర్లు అమ్మినారన్నది చూడక, ఒక కంపెనీకి రోజుకు ఇంత అని వసూలు చేస్తారు. పది కంపెనీల షేర్లు ఒకే రోజు రెండేసి చొప్పున అమ్మినవారికి పది రుసుములు పడతాయి.

ఒక ఉదాహరణ చూడదగును. ఒక బ్రోకరు డెలివరీకి బ్రోకరేజి లేదంటాడు, కాని డీమాట్ ఖాతాకు ఏడాదికి 300 రూపాయలు తీసుకుంటాడు. మరొకడు ఆదేశానికి 20 రూపాయలు తీసుకుంటాడు, కాని వార్షిక రుసుము లేదు. ఇద్దరి వద్దను డీపీ రుసుము 15 రూపాయలనుకొందము. ఏడాదిలో ఒకమారు కొని, ఒకమారు అమ్మినవారికి జీఎస్టీతో కలిపి మొదటి బ్రోకరు వద్ద 371 రూపాయల 70 పైసలు, రెండవ బ్రోకరు వద్ద 64 రూపాయల 90 పైసలు ఖర్చవుతుంది. "ఉచితం" అన్నచోటనే ఐదు రెట్లకు పైగా ఎక్కువ. అదే మనిషి నెలకు రెండుమార్లు చొప్పున ఏడాది పొడవునా కొని, చివర ఒకమారు అమ్మితే మొదటి చోట అదే 371 రూపాయల 70 పైసలు, రెండవ చోట 607 రూపాయల 70 పైసలు అవుతుంది. ఇప్పుడు తక్కెడ అటు తిరిగినది. అందరికీ చౌకైన బ్రోకరు అంటూ ఒకరు లేరని, ఒక్కొక్కరి అలవాటును బట్టి ఒక్కొక్కరు చౌక అని దీని అర్థం.

స్థిరమైన రుసుములో మరొక మెలిక కలదు. లక్ష రూపాయల కొనుగోలు మీద 20 రూపాయలు లెక్కలోనికి రావు. వెయ్యి రూపాయల కొనుగోలు మీద జీఎస్టీతో 23 రూపాయల 60 పైసలు. తిరిగి అమ్మినప్పుడు మరో 23 రూపాయల 60 పైసలు. రెండూ కలిసి మదుపులో నాలుగున్నర శాతాన్ని మించుతాయి. పొదుపు ఖాతాపై బ్యాంకు ఏడాదికి ఇచ్చే వడ్డీ కంటే ఇది ఎక్కువ. నెలకు వెయ్యి, రెండు వేలు చొప్పున కొనదలచినవారు డెలివరీకి రుసుము లేని బ్రోకరునైనా, విలువలో చిన్న శాతం మాత్రమే తీసుకునే బ్రోకరునైనా వెదకుకొనుట మంచిది.

చిన్న మదుపరికి ఉపయోగపడే ఒక నిబంధన చాలామందికి తెలియదు. ఒక వ్యక్తి పేరిట దేశం మొత్తం మీద ఒకే డీమాట్ ఖాతా ఉండి, అందులోని షేర్ల విలువ 4 లక్షల రూపాయలకు మించకున్న పక్షంలో, అది ప్రాథమిక సేవల డీమాట్ ఖాతాగా, అనగా బీఎస్‌డీఏగా, పరిగణింపబడి వార్షిక రుసుము ఉండదు. విలువ 4 లక్షల నుండి 10 లక్షల మధ్య ఉంటే ఏడాదికి 100 రూపాయలు. ఈ పరిమితులు 2024 సెప్టెంబరు నుండి అమలులో ఉన్నవి. ఖాతా తెరిచే ముందు బ్రోకరును అడుగవలసిన తొలి ప్రశ్నలలో ఇది ఒకటి. ఆఫర్లకు ఆశపడి నాలుగైదు చోట్ల ఖాతాలు తెరిచినవారు ఈ సౌకర్యాన్ని తమంతట తామే పోగొట్టుకుంటారు.

తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నది

హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ సంస్థ ఒకప్పుడు దేశంలోని పెద్ద బ్రోకర్లలో ఒకటి. తెలుగు పట్టణాలలో ఆ పేరు వినని మదుపరి అరుదు. ఆ సంస్థ తన ఖాతాదారుల షేర్లను తన అధీనంలోని ఖాతాలోకి మళ్లించి, తన సొంత ఆస్తి వలె బ్యాంకుల వద్ద కుదువబెట్టి అప్పులు తెచ్చినదని తేలగా, 2019 నవంబరు 22న సెబీ ఆంక్షలు విధించినది. కుదువలో ఉన్న షేర్ల విలువ 2,300 కోట్ల రూపాయలకు పైమాటే. డిసెంబరు 2న సుమారు 83 వేల మంది ఖాతాదారుల షేర్లు తిరిగి వారి ఖాతాలకు చేరినవి. మిగిలినవారు చాలాకాలం ఎదురు చూడవలసివచ్చినది. 2020 నవంబరులో ఎన్‌ఎస్‌ఈ ఆ సంస్థను ఎగవేతదారుగా ప్రకటించినది. 2023 ఏప్రిల్‌లో సెబీ దానిని ఏడేళ్లపాటు మార్కెట్ నుండి నిషేధించినది.

ఇక్కడ గుర్తించవలసిన సంగతి ఒకటున్నది. ఖాతాదారుల ఇంట్లో దొంగలు పడలేదు. వారి ఓటీపీ ఎవరూ దొంగిలించలేదు. ఖాతా తెరిచిననాడు పలువురు చదువక సంతకం చేసిన పవర్ ఆఫ్ అటార్నీ పత్రమే బ్రోకరు చేతికి తాళంచెవి అయినది. ఆ సంస్థ పేరూ చిన్నది కాదు, శాఖలూ తక్కువ కావు. పేరు, ప్రచారం, శాఖల సంఖ్య భద్రతకు కొలమానాలు కావని ఈ ఉదంతం చాటినది.

ఆపై నియమాలు బిగిసినవి. 2020 సెప్టెంబరు నుండి మార్జిన్ కోసం ఉంచే షేర్లను బ్రోకరు ఖాతాకు బదిలీ చేయనవసరం లేదు. మదుపరి డీమాట్ ఖాతాలోనే ఉండగా, ఓటీపీ ద్వారా అనుమతించినప్పుడే అవి తాకట్టు కింద గుర్తింపబడతాయి. 2022 నవంబరు నుండి కొత్త ఖాతాలకు పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అనే పరిమిత పత్రం వచ్చినది. ఇది అమ్మిన షేర్లను అప్పగించుట, మార్జిన్ తాకట్టు వంటి నాలుగు పనులకు మాత్రమే వర్తిస్తుంది. కొన్న షేర్లు ఇప్పుడు బ్రోకరు ఖాతాలో ఆగక నేరుగా మదుపరి డీమాట్ ఖాతాలో జమ అవుతున్నవి.

డీడీపీఐ ఇవ్వడం తప్పనిసరి కాదు. అది ఇవ్వనివారు షేర్లు అమ్మినప్పుడు డిపాజిటరీ ఇచ్చిన టీపిన్‌తోనూ, ఫోనుకు వచ్చే ఓటీపీతోనూ ఆమోదం తెలుపవలెను. రోజూ అమ్మేవారికి ఇది విసుగు కలిగించవచ్చును. ఏడాదికి రెండుమూడుమార్లు మాత్రమే అమ్మేవారికి ఆ కొద్ది శ్రమ తమ తాళంచెవి తమ వద్దనే ఉంచుకున్నందుకు చెల్లించే చిన్న మూల్యం. ఈ పత్రం ఇవ్వనిదే ఖాతా తెరవమని ఒత్తిడి చేసే బ్రోకరును వదలివేయవచ్చును.

నగదు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కొనేనాడు కొనేటంత సొమ్మే ట్రేడింగ్ ఖాతాకు పంపవలెను. వాడని సొమ్మును నెలకో, మూడు నెలలకో ఒకమారు బ్యాంకు ఖాతాకు తిరిగి పంపవలసిన బాధ్యత బ్రోకరుపై ఉన్నది. ఖాతా తెరిచేటప్పుడు నెలవారీ గడువును ఎంచుకొనుట మేలు. సొమ్మును బ్యాంకు ఖాతాలోనే నిలిపి ఉంచి, కొన్నప్పుడే కోత పడునట్లు చేసే యూపీఐ బ్లాక్ సౌకర్యాన్ని పెద్ద బ్రోకర్లు అందించుచున్నారు. అది లభ్యమగునేమో కనుగొనవలెను.

చౌక వల్ల వచ్చే చిక్కు

రుసుము తక్కువైనప్పుడు మనిషి మరిన్నిమార్లు కొంటాడు, మరిన్నిమార్లు అమ్ముతాడు. డిస్కౌంట్ బ్రోకరుకు ఆదాయం ఆదేశాల సంఖ్య మీదనే ఆధారపడి ఉన్నది. అందువల్ల కొన్ని యాప్‌లు రోజుకొక సందేశం పంపి, ధరల గంట మోగించి, అప్పు మీద కొనే మీటను ముందుంచి మదుపరిని ఊరకుండనీయవు.

లక్ష రూపాయల షేర్లను ఉదయం కొని సాయంత్రం లోపల అదే ధరకు అమ్మినవారికి లాభమూ లేదు, నష్టమూ లేదనిపించును. ఆదేశానికి 20 రూపాయల బ్రోకరేజితో ఆ ఒక్క రోజు ఖర్చు పన్నులతో కలిపి సుమారు 82 రూపాయలు. ఏడాదిలో 240 రోజులు అదే పని చేస్తే 19 వేల రూపాయలు దాటును. అనగా లక్ష పెట్టుబడిలో దాదాపు అయిదవ వంతు, ధరలు కదలకుండానే హరించిపోవును. బ్రోకరేజి పూర్తిగా రద్దు చేసినను రోజుకు 35 రూపాయలు పన్నులకూ ఇతర రుసుములకూ పోతూనే ఉండును.

ఫలితాలను సెబీయే లెక్కగట్టినది. 2022-23లో రోజువారీ వ్యాపారం, అనగా ఇంట్రాడే, చేసిన వ్యక్తులలో ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయినారు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో పరిస్థితి మరింత దారుణం: 2021-22 నుండి 2023-24 వరకు మూడేళ్లలో వ్యక్తిగత వ్యాపారులలో 93 శాతం మంది నష్టపోగా, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైన తేలినది. ఊరిలో ఇంటి పైకప్పు కోసమో, బిడ్డ చదువు కోసమో కూడబెట్టిన సొమ్ముకు ఇది తగిన చోటు కాదు.

కనుక ఖాతా తెరిచేటప్పుడు షేర్ల విభాగం వరకే అనుమతి ఇచ్చి, ఫ్యూచర్స్, ఆప్షన్స్ గడిని ఖాళీగా వదలివేయుట శ్రేయస్కరం. మార్జిన్ ట్రేడింగ్ అనునది బ్రోకరు ఇచ్చే అప్పు. దానికి రోజువారీ వడ్డీ పడుతుందని మరువరాదు. కావలసిన పనికి మాత్రమే వాడుకొనుటకు వీలిచ్చి, మిగతా సమయంలో నిశ్శబ్దంగా ఉండే యాప్ దీర్ఘకాలిక మదుపరికి ఉత్తమమైనది.

వలస కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసినవి

నగరానికి వచ్చి స్థిరపడినవారి పత్రాలు తరచు రెండు చోట్ల ఉంటాయి. ఆధార్‌లో ఊరి చిరునామా, బ్యాంకులో నగర చిరునామా. పాన్ కార్డులో ఇంటిపేరు ముందు, మరొక పత్రంలో వెనుక. తెలుగువారి ఇంటిపేరు ఆంగ్లంలో ఒక పత్రంలో పూర్తిగానూ మరొక దానిలో ఒక్క అక్షరంతోనూ ఉండటం సర్వసాధారణం. ఈ తేడాల వల్ల కేవైసీ నిలిచిపోయి, ఖాతాలో లావాదేవీలు ఆగిపోవచ్చును. ఖాతా తెరువకముందే పాన్, ఆధార్, బ్యాంకు ఖాతాలలో పేరు ఒకే విధంగా ఉండునట్లు సరిచేయించుకొనవలెను.

ఫోను నంబరు, ఈమెయిలు మదుపరి సొంతవే అయి ఉండవలెను. యజమాని నంబరో, దుకాణం వారి ఈమెయిలో, ఊరిలో వదలి వచ్చిన పాత సిమ్మో ఇచ్చినవారికి ఓటీపీలు గాని, హెచ్చరికలు గాని అందవు. ప్రతి లావాదేవీ జరిగిన 24 గంటల లోపల బ్రోకరు కాంట్రాక్ట్ నోట్ పంపవలెను. ఎక్స్ఛేంజీలు, డిపాజిటరీలు కూడా నేరుగా సందేశాలు పంపుతాయి. బ్రోకరు యాప్‌లో కనిపించే లెక్కను డిపాజిటరీ పంపే నివేదికతో నెలకొకమారు సరిచూసుకొనుట అలవాటు చేసుకొనవలెను. రెండూ కలిసినంతవరకు నిశ్చింతగా ఉండవచ్చును.

నామినీ పేరు తప్పక వ్రాయించవలెను. ఇప్పుడు పదిమంది వరకు నామినీలను పేర్కొనవచ్చును. నామినీ కేవలం సొమ్మును అందుకొని అప్పగించే ధర్మకర్త మాత్రమేనని, వారసుల హక్కు అట్లే ఉండునని కుటుంబంలో అందరికీ తెలియజేయుట మంచిది. నగరంలో ఖాతా ఉన్న సంగతే ఊరిలోని భార్యకూ తల్లిదండ్రులకూ తెలియకపోవుట వలన, ఆకస్మికంగా ఏదైనా జరిగినప్పుడు ఆ సొమ్ము ఎవరికీ అందకుండా పోవు ప్రమాదం కలదు.

భాష విషయంలో సంకోచం అక్కరలేదు. మదుపరి హక్కులు, బాధ్యతల పత్రమూ, నష్టభయాలను తెలిపే పత్రమూ తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఎక్స్ఛేంజీల వెబ్‌సైటులలో ఉన్నవి. సంతకానికి ముందు వాటిని చదువుట మదుపరి హక్కు. కొన్ని యాప్‌లు భారతీయ భాషలలోనూ పనిచేయుచున్నవి. తెలుగు ఉన్నదో లేదో చూచుకొనవచ్చును. సహాయ కేంద్రానికి ఖాతా తెరువకముందే ఒకమారు ఫోను చేసి, ఎవరైనా ఎత్తుచున్నారా, ఏ భాషలో మాట్లాడుచున్నారు అని పరీక్షించుట సులభమైన ఉపాయం.

అసలు బ్రోకరును గుర్తించుట

ప్రతి బ్రోకరుకూ సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సంఖ్య ఉంటుంది. అది ఐఎన్‌జెడ్ అను అక్షరాలతో మొదలవుతుంది. ఆ సంఖ్యను సెబీ వెబ్‌సైటులోని జాబితాలో సరిచూడవలెను. పేరున్న సంస్థల యాప్‌లను పోలిన నకిలీ యాప్‌లు వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల ద్వారా వ్యాపించుచున్నవి. వాటిలో లాభం తెర మీద పెరుగుచున్నట్లు కనిపించును. తీసుకొనబోయినప్పుడు పన్ను కట్టుమని, రుసుము కట్టుమని మరింత సొమ్ము గుంజుదురు.

2025 అక్టోబరు నుండి నమోదిత బ్రోకర్లకు ప్రత్యేక యూపీఐ చిరునామాలు వచ్చినవి. వాటిలో 'బీఆర్‌కే' అను ఆంగ్లాక్షరాలు, ఆపై 'వ్యాలిడ్' అను పదము, బ్యాంకు పేరు ఉండును. చెల్లించునప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలి గుర్తు కనబడును. వ్యక్తి పేరిట ఉన్న ఖాతాకు సొమ్ము పంపుమని ఎవరు కోరినను, వారు బ్రోకరు ప్రతినిధులమని చెప్పుకొన్నను, పంపరాదు. బ్రోకరు ఏజెంటు మదుపరి సొమ్మును తన సొంత ఖాతాలో తీసుకొనుటకు వీలులేదు.

ముంబయిలో మరొక పాత వ్యాధి డబ్బా ట్రేడింగ్. ఎక్స్ఛేంజితో సంబంధం లేకుండా, ఏజెంటు తన పుస్తకంలోనే కొనుగోలు, అమ్మకం వ్రాసుకొను జూదమిది. ఇందులో దలాలీ ఉండదు, పన్ను ఉండదు. కనుక మిక్కిలి చౌక. అయితే చట్టవిరుద్ధం, రక్షణ శూన్యం. కాంట్రాక్ట్ నోట్ రానిచోట వ్యాపారం జరగనట్లే భావించవలెను. నెలకు ఇంత శాతం ఖాయమని హామీ ఇచ్చువారు ఒకే ఊరివారైనను, బంధువులైనను, ఆ హామీకి చట్టంలో చోటు లేదు.

తగవు వచ్చినప్పుడు

ముందుగా బ్రోకరు సంస్థలోని ఫిర్యాదుల అధికారికి వ్రాతపూర్వకంగా తెలుపవలెను. సమాధానం రాకున్న, వచ్చినది తృప్తికరంగా లేకున్న, సెబీ నడుపు స్కోర్స్ అను ఆన్‌లైన్ వేదికలో ఫిర్యాదు నమోదు చేయవచ్చును. బ్రోకరు 21 రోజులలో బదులివ్వవలెను. వివాదం పుట్టిన ఏడాది లోపలనే స్కోర్స్‌లో ఫిర్యాదు చేయవలెనన్న నియమం కలదు. పండుగకు ఊరికి వెళ్లి వచ్చి చూచుకొందమని జాప్యం చేయరాదు. అక్కడా తేలని వివాదాలకు స్మార్ట్ ఓడీఆర్ వేదికపై రాజీ, ఆపై మధ్యవర్తిత్వ తీర్పు మార్గాలున్నవి. సెబీ ఉచిత ఫోను నంబర్లు 1800 22 7575, 1800 266 7575. వీటిలో ఆంగ్లము, హిందీతో పాటు పలు ప్రాంతీయ భాషలలో మాట్లాడవచ్చును. నకిలీ యాప్‌కు సొమ్ము పోయినచో ఆలసింపక 1930కి ఫోను చేయవలెను. ఎంత తొందరగా తెలిపిన అంతగా సొమ్మును ఆపగల అవకాశం ఉండును.

బ్రోకర్లపై వచ్చిన ఫిర్యాదుల సంఖ్యను ఎక్స్ఛేంజీలు ప్రచురించుచున్నవి. ప్రతి బ్రోకరూ తన వెబ్‌సైటులో నెలవారీ వివరాలు ఉంచవలెను. పెద్ద సంస్థకు ఫిర్యాదులు సహజంగానే ఎక్కువ ఉండును గనుక, వాటిని ఖాతాదారుల సంఖ్యతో పోల్చి చూడవలెను.

సంతకానికి ముందు ఆరు ప్రశ్నలు

ఒకటి: సెబీ జాబితాలో ఈ బ్రోకరు పేరు, సంఖ్య ఉన్నవా? రెండు: తన అలవాటు ప్రకారం ఏడాదికి అన్ని రుసుములూ కలిపి ఎంత? మూడు: బీఎస్‌డీఏ సౌకర్యం లభించునా? నాలుగు: డీడీపీఐ లేకుండా ఖాతా నడపవచ్చునా, వాడని సొమ్ము నెలనెలా తిరిగి వచ్చునా? అయిదు: యాప్ మొరాయించిన రోజున ఫోను ద్వారా అమ్ముటకు వీలున్నదా, దానికి రుసుమెంత? ఆరు: ఖాతాదారుల సంఖ్యతో పోల్చితే ఫిర్యాదులు ఎన్ని?

ఈ ఆరింటికీ స్పష్టమైన జవాబు లభించిన బ్రోకరు వద్ద ఆదేశానికి అయిదు రూపాయలు ఎక్కువైనను వెనుకాడనక్కరలేదు. నచ్చని బ్రోకరు వద్ద చిక్కుకొనిపోవలసిన అవసరమూ లేదు. డీమాట్ ఖాతాను మూసివేసి, అందులోని షేర్లన్నింటినీ అదే పేరున్న మరో ఖాతాకు బదిలీ చేసుకొనుటకు రుసుము ఉండదు. బ్రోకరును మార్చవచ్చును, షేర్లు మాత్రం మదుపరివే. ఆ సంగతి మరువనంతవరకు దలాల్ వీధి ఎవరికీ దూరం కాదు.